ఆ పాటలు ఎవరి సొత్తు?

*చూపులేని ఒక నల్లజాతి గాయకుడు తెల్లవాళ్ల పల్లెపాటలు పాడతానన్నాడు. కంపెనీ పెద్దలు వద్దన్నారు. 1962లో అమెరికా సంగీత బజారును తలకిందులు చేసిన ఒక రికార్డు వెనుక కథ ఇది.*

న్యూయార్క్, 1961. ఏబీసీ-పారామౌంట్ రికార్డు కంపెనీలో సిడ్ ఫెల్లర్‌కి ఫోన్ వచ్చింది. అవతల రే చార్లెస్.

పాటలు వెతికి పెట్టడం, ఏ పాటకు ఎవరు వాద్యాలు కూర్చాలో చూడడం, రికార్డింగు దగ్గరుండి నడిపించడం ఫెల్లర్ పని. రేతో అప్పటికే రెండేళ్లుగా కలిసి పనిచేస్తున్నాడు. ఈసారి రే అడిగింది మాత్రం అతను ఊహించనిది. గడిచిన ఇరవై ఏళ్లలో వచ్చిన మేలైన కంట్రీ అండ్ వెస్టర్న్ పాటలు ఎన్ని దొరికితే అన్ని పోగుచేసి పంపమన్నాడు. సరదాకి ఒకటీ అరా పాడడానికి కాదు, ఆల్బమ్ మొత్తం అవే పాడతాడట.

ఫెల్లర్‌కి నోట మాట రాలేదు. కంట్రీ అంటే దక్షిణాది తెల్లవాళ్ల పాట. ఫిడేలు, స్టీల్ గిటారు, ముక్కుతో సాగదీసే గొంతు, దగాపడ్డ ప్రేమ, సారా, రైలుబండి. దాని రాజధాని నాష్‌విల్. రే చార్లెస్ దారి వేరు. అతను నల్లవాడు. చర్చి కేకల్నీ బ్లూస్‌నీ కలిపి, తర్వాత లోకం ‘సోల్’ అని పిలిచిన సంగీతానికి పునాది వేసినవాడు. 1960లో ‘జార్జియా ఆన్ మై మైండ్’, 1961లో ‘హిట్ ద రోడ్ జాక్’, రెండూ దేశంలో నంబర్‌వన్ అయ్యాయి. చేతినిండా హిట్లు ఉండగా ఈ తిక్క ఏమిటి?

కంపెనీ అధ్యక్షుడు శామ్ క్లార్క్‌కి, మిగతా పెద్దలకి కూడా ఇదే అనుమానం. నల్లవాళ్లు ఇవి మన పాటలు కావంటారు, తెల్లవాళ్లు నల్లవాడి నోట మా పాటలా అంటారు, ఉన్న అభిమానులు కాస్తా పోతారు. వాళ్ల భయం ఇది. రే వాదించలేదు. కొందరు పోతే పోతారు, పోయినవాళ్లకంటే వచ్చేవాళ్లే ఎక్కువ ఉంటారని తన లెక్క తాను వేసుకున్నాడు.

కంపెనీ అతన్ని గట్టిగా కాదనలేకపోయింది. కారణం తెలియాలంటే ముందు ఈ పాటలు అతని చెవిన ఎక్కడ పడ్డాయో చూడాలి.

శనివారం రాత్రి రేడియో

రే చార్లెస్ రాబిన్సన్ 1930 సెప్టెంబరు 23న జార్జియా రాష్ట్రం ఆల్బనీలో పుట్టాడు. పెరిగింది ఫ్లోరిడా ఉత్తరాన గ్రీన్‌విల్ అనే చిన్న ఊళ్లో. తల్లి రీథా పదిళ్ల బట్టలు ఉతికి పిల్లల్ని సాకేది. ఇంటి పెరట్లో పెద్ద తొట్టి ఉండేది. రేకి అయిదేళ్లప్పుడు, తనకంటే చిన్నవాడైన తమ్ముడు జార్జ్ ఆడుకుంటూ ఆడుకుంటూ ఆ తొట్టిలో పడ్డాడు. రే పరుగెత్తి వాడి చొక్కా పట్టి లాగాడు. నీళ్లకు తడిసిన బట్ట, బరువెక్కిన ఒళ్లు. అయిదేళ్ల చేతులకి చాలలేదు. అమ్మని కేకేశాడు. ఆమె వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకే రే కళ్లు మసకబారడం మొదలైంది. గ్లాకోమా అయ్యుంటుందని తర్వాత అనుకున్నారు. ఏడేళ్లకి చూపు పూర్తిగా పోయింది. రీథా వాణ్ని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చోలేదు. కట్టెలు కొట్టించింది, నీళ్లు మోయించింది, ఇల్లు తుడిపించింది. చుట్టుపక్కలవాళ్లు ఆడిపోసుకున్నా లెక్కచేయలేదు. తను ఎల్లకాలం ఉండదని ఆమెకు తెలుసు.

ఊళ్లో వైలీ పిట్‌మన్ అనే ఆయనకి రెడ్ వింగ్ కెఫే ఉండేది. అందులో ఒక పాత పియానో, ఒక జూక్‌బాక్స్. పిట్‌మన్ పియానో ముందు కూర్చున్నాడంటే పిల్లవాడు ఎక్కడున్నా ఆట మానేసి వచ్చేసేవాడు. ఆయన విసుక్కోకుండా పక్కన కూర్చోబెట్టుకుని ముందు ఒక్క వేలితో రాగం పట్టడం నేర్పాడు. అతని మొదటి గురువు ఆయనే.

రెండో గురువు రేడియో. నాష్‌విల్ నుంచి డబ్ల్యూఎస్ఎమ్ స్టేషన్ శనివారం రాత్రిళ్లు ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ అనే కార్యక్రమం ప్రసారం చేసేది. 50,000 వాట్ల స్టేషన్ కావడంతో రాత్రిపూట దక్షిణాది అంతటా వినిపించేది. మామూలు రోజుల్లో పెందరాళే పడుకోబెట్టే రీథా, ఆ ఒక్క రాత్రి మాత్రం కొడుకుని మేలుకోనిచ్చేది. ఒక పక్క చర్చిలో విన్న కీర్తనలు, ఒక పక్క జూక్‌బాక్స్‌లో విన్న బ్లూస్, ఇంకో పక్క ఈ ఫిడేళ్లు, బాంజోలు. ఏవి ఎవరి పాటలో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. అన్నీ కలిసే చెవిలో పడ్డాయి.

నిజానికి ఆ ఫిడేళ్ల పక్కన మోగే బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లతో వచ్చిన వాద్యమే. ఓప్రీ తొలి తారల్లో మౌత్ ఆర్గాన్ వాయించిన డిఫోర్డ్ బెయిలీ నల్లవాడే. 1941లో ఆయన్ని ఓప్రీ నుంచి తీసేశారు. పాట రెండు జాతులదీ అయినా, అమ్మకం మాత్రం విడివిడిగా సాగింది. 1920ల నుంచే రికార్డు కంపెనీలు నల్లవాళ్ల పాటలకి ‘రేస్ రికార్డులు’ అనీ తెల్ల పల్లెవాసుల పాటలకి ‘హిల్‌బిల్లీ’ అనీ వేరు వేరు జాబితాలు అచ్చేశాయి. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన జాబితాల పేర్లు మార్చి, ఒకదాన్ని ‘రిథమ్ అండ్ బ్లూస్’, రెండోదాన్ని ‘కంట్రీ అండ్ వెస్టర్న్’ చేసింది. పేర్లు మర్యాదగా మారాయి గానీ గోడ మాత్రం కదల్లేదు.

చుక్కల మీద వేళ్లు

1937లో రేని సెయింట్ ఆగస్టీన్ పట్టణంలో ఉన్న మూగ, చెవిటి, అంధ బాలల ప్రభుత్వ పాఠశాలలో చేర్చారు. అక్కడ కూడా తెల్లపిల్లలకి ఒక వైపు, నల్లపిల్లలకి ఇంకో వైపు. ఒకరి మొహం ఒకరికి కనిపించని పిల్లల్ని ఒంటి రంగు చూసి విడదీసిన ఆ తెలివిని రే పెద్దయ్యాక కూడా మరిచిపోలేదు. తన ఆత్మకథలో ఎత్తిపొడిచాడు.

సంగీతం అతను బ్రెయిలీలో నేర్చుకున్నాడు. చూపున్నవాడు కాగితం ఎదురుగా పెట్టుకుని రెండు చేతులా వాయించవచ్చు. బ్రెయిలీలో అది కుదరదు. ఒక చేత్తో కాగితం మీది చుక్కలు తడుముతూ రెండో చేత్తో వాయించాలి. కొంత భాగం కంఠస్థమయ్యాక చేతులు మార్చుకోవాలి. రెండు భాగాలూ బుర్రలో కుదురుకున్నాకే రెండు చేతులూ కలపడం. ఇలా ఏళ్ల తరబడి సాధన చేసినవాడికి పాట మొత్తం, ఒక్క తన వాద్యమే కాదు, పక్క వాద్యాలు కూడా తలలో అచ్చవుతాయి. తర్వాతి రోజుల్లో రే ఏ ట్రంపెట్ ఏ స్వరం పలకాలో, ఏ శాక్సఫోన్ ఎక్కడ అందుకోవాలో నోటితో చెప్తూంటే పక్కనున్నవాళ్లు రాసుకునేవారు.

1945లో రీథా చనిపోయింది. రేకి పధ్నాలుగేళ్లు. అక్కడితో చదువు అయిపోయింది. జాక్సన్‌విల్, ఓర్లాండో, టాంపా, పియానో ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లాడు. టాంపాలో ఉన్నప్పుడు ‘ఫ్లోరిడా ప్లేబాయ్స్’ అనే తెల్లవాళ్ల కంట్రీ బృందానికి పియానో వాయించేవాడు కావాల్సి వచ్చింది. రే వెళ్లాడు. అప్పటికి అతనికి ఇరవై కూడా నిండలేదు. తెల్లవాళ్లు నాట్యమాడే హాళ్లలో, తెల్ల వాద్యగాళ్ల మధ్య కూర్చుని హిల్‌బిల్లీ పాటలు వాయించాడు. గొంతు ఒక్కసారిగా పైకెగిరి విరిగే ‘యోడెలింగ్’ కూడా అక్కడే పట్టుబడిందని ఆత్మకథలో చెప్పుకున్నాడు. వినేవాళ్లకి వింతగా ఉన్నా, అతనికి అది శనివారం రాత్రి రేడియో పనే.

1948లో మ్యాప్ మీద ఫ్లోరిడాకి వీలైనంత దూరంగా ఉన్న పెద్ద ఊరు ఏదో చూడమని స్నేహితుణ్ని అడిగి, దేశానికి ఆ చివర ఉన్న సియాటిల్‌కి బస్సెక్కాడు. అక్కడ కుర్ర సంగీతగాడు క్విన్సీ జోన్స్‌తో స్నేహం కుదిరింది. పేరు చివర రాబిన్సన్ తీసేశాడు. బాక్సర్ షుగర్ రే రాబిన్సన్ అప్పటికే జగమెరిగినవాడు మరి.

కాగితం మీద గెలుపు

1952లో అట్లాంటిక్ రికార్డ్స్ అధినేత అహ్మెత్ ఎర్తెగున్ 2,500 డాలర్లిచ్చి రే కాంట్రాక్టుని పాత కంపెనీ దగ్గర కొనుక్కున్నాడు. 1954 చివర్లో పాడిన ‘ఐ గాట్ ఎ వుమన్’తో రే పేరు మోగింది. చర్చి కీర్తన బాణీ తీసుకుని దాని మీద ఆడదాని వలపు మాటలు పెట్టాడు. భజన గోష్ఠిలో జావళి అందుకున్నట్టు పెద్దలు భగ్గుమన్నారు, కుర్రకారు వెర్రెత్తిపోయారు. గోడ దూకడం అతనికి అప్పుడే అలవాటైంది. 1959లో అట్లాంటిక్ వదిలే ముందు కంట్రీ గాయకుడు హ్యాంక్ స్నో పాట ‘ఐయామ్ మూవిన్ ఆన్’ కూడా పాడి చూశాడు. అంటే ఫెల్లర్‌కి చేసిన ఫోన్ ఆ పూట పుట్టిన తిక్క కాదు.

1959 నవంబరులో రే కంపెనీ మారాడు. ఏబీసీ-పారామౌంట్‌తో కుదిరిన ఒప్పందం నల్లవాళ్లకే కాదు, ఆనాటి పెద్దపెద్ద తెల్ల గాయకులకు కూడా దొరకనిది. ఖర్చులు పోగా మిగిలే ప్రతి డాలరులో 75 సెంట్లు అతనివి. కొన్నేళ్ల తర్వాత మాస్టర్ టేపులు అతని సొంతం. ఏం పాడాలో, ఎలా పాడాలో చివరి మాట అతనిది. మాస్టర్ టేపు అంటే రికార్డు మూలప్రతి, అది ఎవరి దగ్గరుంటే రికార్డు వాళ్లది. మామూలుగా గాయకుడు పాడి కూలి తీసుకుని వెళ్లిపోతాడు, టేపు కంపెనీ బీరువాలో ఉంటుంది. ఇక్కడ ఆ బీరువా తాళం గాయకుడి చేతికి వచ్చింది.

క్లార్క్, ఫెల్లర్ ఇద్దరూ పెదవి విరిచినా కంట్రీ ఆల్బమ్ ఆగకపోవడానికి అసలు కారణం ఇదే. రే ధైర్యం గురించి చెప్పుకునేవాళ్లు చాలామంది ఈ కాగితాన్ని వదిలేస్తారు.

అలాగని కాలం అతనికి అనుకూలంగా ఏమీ లేదు. 1961 మార్చిలో జార్జియా రాష్ట్రం అగస్టాలో, బెల్ ఆడిటోరియంలో కచేరీ. నాట్యం చేసే నేల మీద తెల్లవాళ్లు, పైన బాల్కనీలో నల్లవాళ్లు అన్నది అక్కడి ఏర్పాటు. పెయిన్ కాలేజీ విద్యార్థులు రేకి ఆ సంగతి తెలియజేశారు. అతను కచేరీ చేయకుండా ఊరు వదిలేశాడు. కచేరీ ఏర్పాటు చేసిన కాంట్రాక్టరు కోర్టుకెక్కాడు. అదే ఏడాది నవంబరులో ఇండియానాపొలిస్ హోటల్ గదిలో హెరాయిన్‌తో పోలీసులకు దొరికాడు. వారంటు లేకుండా గదిలోకి వచ్చారని ఆ కేసు కొట్టేశారు. వ్యసనం మాత్రం ఇంకొన్నేళ్లు వదల్లేదు.

తెల్లవాళ్ల పాటలు పాడడానికి కూర్చున్నది ఈ రే చార్లెసే.

250లో 12

ఫెల్లర్ నాష్‌విల్ ప్రచురణకర్తలని కదిలించి, సుమారు 250 పాటలు టేపుల మీదికెక్కించి పంపాడు. రే విన్నాడు, వడగట్టాడు. 12 మిగిలాయి. వాటిలో హ్యాంక్ విలియమ్స్ పాటలు ఉన్నాయి, ఎవర్లీ బ్రదర్స్ పాడిన ‘బై బై లవ్’ ఉంది, టెక్సస్ రచయిత్రి సిండీ వాకర్, గాయకుడు ఎడీ ఆర్నాల్డ్ కలిసి కట్టిన ‘యు డోంట్ నో మీ’ ఉంది.

ఇక్కడ రే ఒక నియమం పెట్టుకున్నాడు. పాట కంట్రీదే, పాడే తీరు తనది. తాను కంట్రీ గాయకుణ్ని అయిపోవాలని చూడలేదని, ఆ పాటల్ని తన పద్ధతిలో పాడడమే తన పని అని తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. అందుకే ఆల్బమ్‌లో ఫిడేలు యాస లేదు, స్టీల్ గిటారు లేదు. సగం పాటలకి జాజ్ బిగ్ బ్యాండ్ వాద్యాలు కూర్చే పని జెరాల్డ్ విల్సన్, గిల్ ఫుల్లర్ చేశారు. మిగతా సగానికి వయొలిన్ల బృందం, కోరస్. ఆ కూర్పు మార్టీ పేచ్‌ది. కంట్రీ మాటల్లోనూ బ్లూస్ మాటల్లోనూ ఉండే మొహమాటం లేని సూటిదనం ఒక్కటేనని రే నమ్మకం. బాధ ఉంటే బాధే చెప్తాయి, డొంకతిరుగుడు ఉండదు.

1962 ఫిబ్రవరి 5, 7 తేదీల్లో న్యూయార్క్ క్యాపిటల్ స్టూడియోలో బిగ్ బ్యాండ్ పాటలు అయ్యాయి. ఫిబ్రవరి 15న హాలీవుడ్ యునైటెడ్ రికార్డింగ్ స్టూడియోలో వయొలిన్ల పాటలు. కోరస్ పాడింది ర్యాండీ వాన్ హోర్న్ సింగర్స్. ‘ఫ్లింట్‌స్టోన్స్’ కార్టూన్ పాట పాడింది కూడా వీళ్లే. శుభ్రంగా, ఇస్త్రీ చేసినట్టు పాడే తెల్ల గొంతులు.

వాటిలో ఒక పాట ‘ఐ కాంట్ స్టాప్ లవింగ్ యు’. రాసింది డాన్ గిబ్సన్, 1957లో, టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో ట్రెయిలర్ ఇంట్లో ఉంటూ. వాయిదాలు కట్టలేదని టీవీ, వాక్యూమ్ క్లీనర్ పట్టుకుపోయిన రోజులవి. ‘ఓ లోన్‌సమ్ మీ’ అనే ఇంకో పాటనీ ఇదే రోజు రాశాడు. రెండూ ఒకే రికార్డుకి రెండు వైపులా వచ్చాయి. మంచి పేరే తెచ్చుకున్నాయి.

రే గొంతులో ఆ పాట వేరే ఆకారం ఎత్తింది. నల్లవాళ్ల చర్చిలో పాస్టర్ ముందు అందుకుంటాడు, సంఘం బదులు పలుకుతుంది. ఇక్కడ వరస తిరగబడింది. పంక్తిని ముందు కోరస్ సాఫీగా, తాళం తప్పకుండా పాడుతుంది. దాని వెనక అర మాత్ర ఆలస్యంగా రే వస్తాడు, అదే మాటని నలిపి, సాగదీసి, ఒక్కోచోట మింగేసి. పాట చివరికి వచ్చేసరికి మళ్లీ పాస్టర్ అయిపోతాడు. పంక్తిని ముందే అందించి, పాడండంటూ కోరస్‌ని ఉసిగొల్పుతాడు. ఆ తెల్లటి కోరస్ లేకపోతే అతని గొంతులోని గరుకు అంతగా తెలిసేది కాదు.

ఈ పాట మీద మాత్రం అప్పటికి ఎవరికీ పెద్ద ఆశ లేదు. రికార్డు రెండో వైపు అయిదో పాటగా, చివరి పాటకి ముందు వేశారు. సాధారణంగా బలహీనమైన పాటని దాచే చోటు అది. 1962 ఏప్రిల్‌లో ‘మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్’ బజారులోకి వచ్చింది.

నకలు తరిమిన అసలు

ఏ పాటను సింగిల్‌గా వేయాలో కంపెనీ తేల్చుకునేలోపే బయటివాడు తేల్చేశాడు. అందగాడైన హాలీవుడ్ నటుడు ట్యాబ్ హంటర్ ‘ఐ కాంట్ స్టాప్ లవింగ్ యు’ పాడి సింగిల్ విడుదల చేశాడు. రే పాట కూర్పుకి అచ్చమైన నకలు. అది రేడియోల్లో మోగడం మొదలయ్యేసరికి ఏబీసీ-పారామౌంట్‌కి చురుకు తగిలింది. నాలుగు నిమిషాలు దాటిన పాటని ఫెల్లర్ హడావుడిగా కత్తిరించి మూడు నిమిషాల లోపుకి తెచ్చాడు. ఆనాటి రేడియో స్టేషన్లు అంతకంటే పొడుగు పాట వేసేవి కావు. అసలు బయటికి రాగానే నకలు ఎటుపోయిందో ఎవరూ పట్టించుకోలేదు.

1962 జూన్ 2న రే పాట దేశంలో నంబర్‌వన్. అయిదు వారాలు దిగలేదు. నల్లవాళ్ల రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలోనూ మొదటి స్థానం, పెద్దవాళ్లు వినే ‘ఈజీ లిజనింగ్’ జాబితాలోనూ మొదటి స్థానం. జూలైలో ఇంగ్లండులోనూ నంబర్‌వన్. ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టిక అగ్రాన 14 వారాలు నిలిచింది. ‘యు డోంట్ నో మీ’ రెండో స్థానం దాకా వెళ్లింది. పోతారనుకున్న అభిమానులు పోలేదు, కొత్తవాళ్లు గుంపులుగా వచ్చారు. రే వేసుకున్న లెక్కే నిలిచింది.

పాట దేశమంతటా మోగుతున్న ఆ జూన్ నెలలోనే జార్జియా కోర్టు తీర్పు వచ్చింది. అగస్టా కచేరీ ఎగ్గొట్టినందుకు రే 757 డాలర్లు కట్టాలి. 2004లో వచ్చిన ‘రే’ సినిమాలో జార్జియా రాష్ట్రం అతనిపై జీవితాంతం నిషేధం విధించినట్టు చూపించారు. జేమీ ఫాక్స్‌కి ఆస్కార్ తెచ్చిన ఆ సినిమా చూసినవాళ్లు అది నిజమే అనుకుంటారు. నిషేధమేమీ లేదు, పడింది జరిమానా. జనం అతని పాటకి నాట్యమాడుతుంటే కోర్టు అతని చేత డబ్బు కట్టించింది.

ఇంకో విడ్డూరం. ఆల్బమ్‌లో ఉన్న ‘ఇట్ మేక్స్ నో డిఫరెన్స్ నౌ’ పాట మీద హక్కుదారుల్లో ఒకడు జిమ్మీ డేవిస్. అప్పట్లో ఆయన లూసియానా గవర్నరు. న్యూ ఆర్లియన్స్ బడుల్లో నల్లపిల్లల్ని చేర్చుకోకుండా అడ్డుపడ్డ గవర్నరు ఆయనే. ఎన్నికల సభల్లో ఆయన పాడుకునే పాట ‘యు ఆర్ మై సన్‌షైన్’. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన రెండో ఆల్బమ్‌ని రే సరిగ్గా ఆ పాటతోనే మొదలుపెట్టాడు. గవర్నరు గారి ప్రచార పాటని పట్టుకుని, తన కోరస్ బృందం రేలెట్స్ అమ్మాయిలతో కలిసి బిగ్ బ్యాండ్ హోరులో చీల్చి చెండాడాడు. రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో అదీ నంబర్‌వన్.

ఇంటివాళ్లు ఏమన్నారు?

ఇంత జరిగినా కంట్రీ జాబితాలో రే పేరు లేదు. కంట్రీ పాటలతో ఆ ఏడాది అమెరికాలో అందరికంటే ఎక్కువ మోగినవాడు, కంట్రీ స్టేషన్ల లెక్క ప్రకారం కంట్రీవాడు కాదు. 1963లో గ్రామీ ఇచ్చినప్పుడు కూడా ‘ఉత్తమ రిథమ్ అండ్ బ్లూస్ రికార్డు’ అన్నారు. గాయకుడి చర్మం చూసి పాటకి పేరు పెట్టే పాత అలవాటు అంత తొందరగా పోతుందా?

నాష్‌విల్ జేబుకి మాత్రం ఆ ఇబ్బంది లేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం, అమ్ముడైన ప్రతి రికార్డు మీద ఒక్కో పాటకి 2 సెంట్లు రచయితకీ ప్రచురణకర్తకీ వెళ్లేవి. పాడింది ఎవరన్నది చట్టానికి అనవసరం. పదిలక్షలు దాటి అమ్ముడైన సింగిల్‌కి రెండు వైపులా కంట్రీ పాటలే. వాయిదాలు కట్టలేక టీవీ పోగొట్టుకున్న డాన్ గిబ్సన్ పాట ప్రపంచమంతా పాడే పాట అయింది. న్యూయార్క్ సూటుబూటు జనం వెక్కిరించే హిల్‌బిల్లీ పాటలు వయొలిన్ల మధ్య నిలబడ్డాయి. కంట్రీ సంగీతానికి రే చేసినంత మేలు మరొకరు చేయలేదని విల్లీ నెల్సన్ పలుమార్లు అన్నాడు. ఆయనే 1984లో రేతో కలిసి ‘సెవెన్ స్పానిష్ ఏంజెల్స్’ పాడాడు. 1985లో ఆ పాట కంట్రీ జాబితాలో నంబర్‌వన్ అయింది. అప్పటికి రేకి 54 ఏళ్లు, ఫెల్లర్‌కి ఫోన్ చేసి రెండు పుష్కరాలు.

జార్జియా మనసు అంతకుముందే మారింది. 1979 మార్చిలో రాష్ట్ర శాసనసభలో రే ‘జార్జియా ఆన్ మై మైండ్’ పాడాడు. ఏప్రిల్‌లో దాన్ని రాష్ట్ర గీతం చేశారు. 2004 జూన్ 10న రే బెవర్లీ హిల్స్‌లో కన్నుమూశాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి అతన్ని ఎన్నుకున్నది 2021లో, లాంఛనంగా చేర్చుకున్నది 2022 మేలో. ఆల్బమ్ వచ్చి సరిగ్గా అరవై ఏళ్లు.

గోడ ఇప్పటికీ పూర్తిగా కూలలేదు. 2024లో బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’తో కంట్రీ గడప తొక్కినప్పుడు మళ్లీ పాత ప్రశ్నే లేచింది, ఇది కంట్రీయేనా అని. ఆమె పుట్టింది టెక్సస్‌లో, హ్యూస్టన్‌లో. తనను ఎక్కడో ఆదరించలేదన్న అనుభవం నుంచే ఆ ఆల్బమ్ పుట్టిందని ఆమె చెప్పింది. ఆ ఏడాది నాష్‌విల్ కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అవార్డుల్లో దానికి ఒక్క నామినేషన్ కూడా దక్కలేదు. 2025లో గ్రామీ వాళ్లు ఉత్తమ కంట్రీ ఆల్బమ్ బహుమతితో పాటు ఆ ఏటి మేటి ఆల్బమ్ బహుమతి కూడా ఆమెకే ఇచ్చారు.

రే చార్లెస్ కంట్రీలోకి ‘మారాడు’ అని రాసేవాళ్లకి ఒకటే జవాబు. అతను ఎక్కడికీ మారలేదు. గ్రీన్‌విల్‌లో శనివారం రాత్రి విన్నదీ, టాంపాలో పొట్టకూటికి వాయించిందీ, ముప్పై ఏళ్లు దాటాక, ఒప్పందం కాగితం తన చేతిలో ఉందని ఖాయం చేసుకుని, సొంత గొంతుతో పాడాడు. మారాల్సింది పక్కవాళ్లే. కంట్రీ పెద్దలకు అతన్ని తమవాడనడానికి అరవై ఏళ్లు పట్టింది. అతని పాటల మీద వచ్చిన డబ్బు తమదే అనడానికి మాత్రం ఒక్క వారం కూడా ఆలోచించలేదు.